మోతాదులో దాగిన అలవాటు

అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగింటికి వచ్చిన మాట మోతాదు.

దీని మూలం ‘ముఅతాద్’. అలవాటైనది అని అర్థం. ఐన్, వావ్, దాల్ అనే మూడక్షరాల ధాతువుకు మరలి రావడమనే భావం ఉంది. దాని సంతానం చూడండి: మానకుండా చేసేది ఆదత్, ఏటేటా వచ్చేది ఈద్, రోగిని చూసి రావడం ఇయాదత్. వాడుకగా పుచ్చుకునే కొలత మోతాదు. నేటి ఇరాన్‌లో అదే మాటకు మత్తుకు బానిసైనవాడని అర్థం. కొలతా, బానిసా ఒక్క తల్లి బిడ్డలే!

డోసు వంశం వేరు. గ్రీకు ‘దోసిస్’ అంటే ఇవ్వడం. మన దానం, దత్తం దానికి చుట్టాలు. జర్మన్లు దాన్ని తమ ‘గిఫ్ట్’తో అనువదించుకున్నారు. ఇప్పుడక్కడ గిఫ్ట్ అంటే విషం.

మద్యానికీ మరణానికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టేవారికి మోతాదు, డోసు రెండింటిలో ఏది తగిన మాట? డోసు వైద్యుడిచ్చేది. మద్యం ఎవరూ చీటీ రాసి ఇవ్వరు. మన 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, కానీ ఆ లెక్కకు కావలసింది ఒక పెగ్గు కాదు, ఏళ్ల సగటు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సర్వేల్లో గడచిన 24 గంటల్లో తిన్నది అడిగి రాసుకునే పద్ధతి ఉంది. తిండి రోజూ తప్పదు కాబట్టి ఆ జవాబు పనికొస్తుంది. ఆదివారం మాత్రమే తాగేవాణ్ణి శుక్రవారం అడిగితే వచ్చేది సున్నా.

అంతకన్నా చిక్కు సున్నా మరొకటి ఉంది. గ్రాములు అడ్డంగా, మరణం ముప్పు నిలువుగా వేస్తే గీత చాలాకాలం ఇంగ్లీషు ‘జె’ అక్షరంలా వంగింది; అసలు తాగనివారికన్నా కొద్దిగా తాగేవారే మెరుగని తేలింది. శాస్త్రవేత్త రేమండ్ పెర్ల్ 1926లోనే ఇలాంటి మాట రాశాడు. 1988లో పరిశోధకుడు షేపర్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో అసలు మెలిక పట్టుకుంది: తాగనివారి పద్దులో జబ్బుపడి మానేసినవారూ కలిసి ఉన్నారు. వారి నేటి కొలత సున్నా, నిన్నటి ఆదత్ కాదు. వారిని వేరుచేసి లెక్కించిన చాలా అధ్యయనాల్లో ఆ వంపు చదునైంది. సురక్షితమైన మద్యం కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

‘ఎంత?’ అని ఒక్కటే అడిగితే డోసు తెలుస్తుంది. ‘ఎన్నాళ్లుగా, ఎప్పుడు మానారు, ఎందుకు మానారు?’ అని కూడా అడిగితేనే మోతాదు తెలుస్తుంది.