ఖమ్మం టీకా ప్రయోగం: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణలో ఒక చారిత్రక పాఠం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణలో ప్రభుత్వ పాత్రను పరిశీలించేటప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా అనుభవం ప్రత్యేకంగా గమనింపదగినది. 2009లో అక్కడ 10–14 సంవత్సరాల బాలికలకు హెచ్.పి.వి. టీకాను ప్రయోగాత్మకంగా వేశారు. వారిలో గిరిజన వసతిగృహాల విద్యార్థినులు చాలామంది ఉన్నారు. కొందరు బాలికలు మరణించడంతో వివాదం చెలరేగగా, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చునని విచారణ సంఘం అభిప్రాయపడింది. అయితే 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై వసతిగృహ వార్డెన్లే సంతకాలు చేసినట్లు 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక పేర్కొంది. అంటే ప్రశ్నార్థకమైనది టీకా కాదు, దానిని అమలు చేసిన తీరు.

క్యాన్సర్‌ను ముందుగా గుర్తించే పరీక్షల విషయంలోనూ విధానానికీ ఆచరణకూ మధ్య ఇటువంటి దూరమే కనిపిస్తుంది. 30–65 సంవత్సరాల స్త్రీలకు ఈ పరీక్షలు జరపాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలు రూపొందించింది. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 సంవత్సరాల స్త్రీలలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం లోపే.

9–14 సంవత్సరాల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని 2024 తాత్కాలిక బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించినందున ఖమ్మం పాఠం నేటికీ ప్రాసంగికమే. కోయ తల్లికి ఆమె భాషలో విషయం వివరించి అంగీకారం పొందడం, టీకా అనంతరం బిడ్డ ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండడం కాగితపు లాంఛనాలు కావు. ప్రజల నమ్మకానికి అవే పునాది.