చావు తర్వాత ఐదు నిమిషాలు

పురుగుల మందు తాగిన మనిషిని రేపల్లెలో ముందు చూస్తారు. విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టి, 108 అంబులెన్స్ ఎక్కించి తెనాలి పంపుతారు. అక్కడా కుదరకపోతే గుంటూరు పెద్దాసుపత్రి. ఆ దారిలో ఎక్కడో ప్రాణం పోతుంది. గుండె నొక్కి నొక్కి లాగేస్తున్న చేతులతోనే నర్సు ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) కాగితాలు అందుకోవాలి. బయట బంధువుల ఏడుపు. అదే మంచం కోసం ఇంకో కేసు. రేపల్లెలో మొదటి ఇంజెక్షన్ చేసినవాళ్లకి చివరికి ఏమైందో తెలియనే తెలియదు.

అలాంటి గడియ తర్వాత అందరూ కలిసి మాట్లాడుకునే పద్ధతికి మూలం యుద్ధంలో ఉంది. 1943లో పసిఫిక్‌లోని మాకిన్ దీవిలో అమెరికా సైన్యపు చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్, పోరు ముగిశాక సైనికులను గుంపుగా కూర్చోబెట్టి ఎవరేం చూశారో చెప్పించాడు. ఆయన రాసిన లెక్కలను తర్వాతివాళ్లు నమ్మలేదు గానీ, అడిగే తీరు నిలిచింది. 1983లో అమెరికాకే చెందిన జెఫ్రీ మిచెల్ దాన్ని ఫైర్, అంబులెన్స్ సిబ్బందికి మనసు కుదుటపరిచే సిట్టింగ్‌గా మార్చాడు. ప్రపంచమంతా పట్టుకుంది. 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష మాత్రం, ఒక్క సిట్టింగ్‌తో ఆ తర్వాతి మానసిక గాయం ఆగడం లేదని తేల్చింది. నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు ఇదే. బలవంతంగా కన్నీళ్లు పెట్టించడం వైద్యం కాదని అప్పటికి తెలిసొచ్చింది.

అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ఆసుపత్రి నర్సు జొనాథన్ బార్టెల్స్ ఇంకా చిన్న పని చేశాడు. రోగి పోగానే ఎవరూ కదలకుండా ఓ నిమిషం మౌనంగా నిలబడటం. ఆ పోయినది ఒకరి బిడ్డ, ఒకరి తోడు అని తలుచుకోవడం. 2014లో దాని గురించి పత్రికలో రాశాడు. ఎడిన్‌బరో రాయల్ ఇన్ఫర్మరీ ఆసుపత్రి వాళ్ల ‘స్టాప్ 5’ మాత్రం మౌనం నుంచి పని వైపు తిరిగింది: కేసు క్లుప్తంగా, బాగా జరిగిందేమిటి, మెరుగుపడాల్సిందేమిటి, ఆ పని ఎవరిది. అంతా ఐదు నిమిషాల్లో, అక్కడికక్కడే. తప్పెవరిదన్న విచారణకి అందులో చోటు లేదు, ఉండకూడదు కూడా.

ఈ ఐదు నిమిషాలకి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. తెనాలిలో మొదలుపెడితే డాక్టరూ నర్సులూ సరిపోరు. 108లో వచ్చిన ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు), పైలట్ అని పిలిచే డ్రైవరు, స్ట్రెచర్ తోసిన వార్డుబాయ్ కూడా నిలబడాలి. ఐదు నిమిషాల్లో ఒకటి రేపల్లెకి ఫోన్ చేయడానికి ఉంచాలి: మనిషి దక్కలేదు, మీరిచ్చిన అట్రోపిన్ డోసు చీటీ మీద కనపడలేదు, ఈసారి టైముతో సహా రాసి పంపండి.