తేజ్‌పూర్ కుర్చీలో ఇద్దరు

1962 చైనా యుద్ధం మాటొస్తే రెండో నిమిషంలో లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ పేరు వస్తుంది. మూడో నిమిషంలో తీర్పు కూడా వచ్చేస్తుంది: ఆఫీసు జనరల్, ఫైళ్లు తిప్పి పైకొచ్చినవాడు, యుద్ధంలో ఒక బెటాలియన్ని కూడా నడపనివాడికి ఏకంగా కోర్ అప్పజెప్పారు, ఇంకేం జరుగుతుంది?

ఈ తీర్పుతో నాకో పేచీ ఉంది. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే తేజ్‌పూర్లో కౌల్ ఖాళీ చేసిన నాలుగో కోర్ కుర్చీలోకి వచ్చింది శామ్ మానెక్‌షా. ఆయన కూడా బెటాలియన్ కమాండ్ చెయ్యలేదు. గూర్ఖా బెటాలియన్ ఒకటి ఆయన చేతికి రావాల్సింది, ఈలోపే ఢిల్లీలో మిలిటరీ ఆపరేషన్స్ డైరెక్టరేట్‌కి లాక్కున్నారు. దేశ విభజన, కాశ్మీర్ యుద్ధం ఆయన అక్కడి మ్యాపుల ముందు కూర్చుని చూశారు. 1947 అక్టోబరులో వి.పి. మీనన్‌తో కలిసి శ్రీనగర్ విమానం ఎక్కింది కూడా ఆ హెడ్‌క్వార్టర్స్ ఉద్యోగంలోనే.

అంటే హెడ్‌క్వార్టర్స్‌లో ఉండటమే నేరమైతే ఇద్దరూ నేరస్తులే. ఐజెన్‌హవర్ అయితే మరీను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ మొహం చూడలేదు, ఆ తర్వాత పదహారేళ్లు మేజర్‌గానే ఉన్నాడు, ఏళ్ల తరబడి మెకార్థర్ కింద స్టాఫ్ పనిచేశాడు. అలాంటివాడు 1942లో ఉత్తరాఫ్రికా దండయాత్రకి అధిపతి అయ్యాడు.

స్టాఫ్ ఉద్యోగం అధికారికి రెండు ఇస్తుంది. మొదటిది చూపు. బెటాలియన్లో ఉన్నవాడికి తన కొండ కనిపిస్తుంది. హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్నవాడికి ఆ కొండకి బియ్యం, బూట్లు, తూటాలు ఎన్ని రోజుల్లో చేరతాయో కనిపిస్తుంది. రెండోది, పెద్దల కంట్లో పడటం. నిజం చెప్పాలంటే ప్రమోషన్లకి పనికొచ్చేది ఎక్కువగా ఈ రెండోదే. కౌల్ కథంతా ఈ రెండోదాని కథ.

1933లో శాండ్‌హర్స్ట్ నుంచి వచ్చిన కౌల్, కొంతకాలానికే పదాతిదళం వదిలి ఆర్మీ సర్వీస్ కోర్‌కి మారారు. స్వాతంత్ర్యం వచ్చాక వాషింగ్టన్‌లో మిలిటరీ అటాషే, కొరియాలో తిమ్మయ్య దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్. బ్రిగేడ్, డివిజన్ కూడా చేశారు కానీ శాంతికాలంలో. అంబాలాలో ఆయన డివిజన్ జవాన్లు తమ క్వార్టర్లు తామే కట్టుకున్నారు, నెహ్రూ వచ్చి చూసి ముచ్చటపడ్డారు. పని చేయించడంలో దిట్ట, అది ఒప్పుకోవాలి. 1959లో తిమ్మయ్యకి ఇష్టం లేకపోయినా లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. 1961లో చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్. అప్పటికి ఆయన ఫోన్ చేస్తే రక్షణమంత్రి కృష్ణమీనన్ ఎత్తుతారు, అవసరమైతే ప్రధానమంత్రీ ఎత్తుతారు.

అదే సమయంలో మానెక్‌షా వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో ఉండి విచారణ ఎదుర్కొంటున్నారు. దేశభక్తి చాలదనే తరహా ఆరోపణలు. వాటి వెనక కౌల్ వర్గం ఉందని చాలామంది రాశారు. విచారణ చేసిన దౌలత్ సింగ్ ఆయన్ని నిర్దోషిగా తేల్చారు గానీ, కెరీర్ మాత్రం అక్కడే ఆగిపోయింది. చైనా దాడి లేకపోతే ఆయన పేరు మనదాకా వచ్చేది కాదేమో.

ఇక 1962 అక్టోబరు. థాగ్‌లా శిఖరం నుంచి చైనావాళ్లని వెళ్లగొట్టమని ఢిల్లీ ఆదేశం. సరుకులు చేరకుండా అది అయ్యే పని కాదని అప్పటి కోర్ కమాండర్ ఉమ్రావ్ సింగ్ కాగితం మీద పెట్టారు. దాంతో ఆ ప్రాంతమే ఆయన చేతిలోంచి తీసేసి, రాత్రికి రాత్రి నాలుగో కోర్ అని కొత్తది సృష్టించి కౌల్‌కిచ్చారు. కౌల్ పిరికివాడేమీ కాదు. ఆ ఎత్తులకి ఒళ్లు అలవాటు పడకముందే నమ్కా చూ లోయకి నడిచారు, కొంతదూరం కూలీ వీపు మీద వెళ్లారు. అక్టోబరు 10న త్సెంగ్‌జోంగ్ దగ్గర చైనా దాడిని కళ్లారా చూశారు. ఆదేశం అసాధ్యమని ఆ పూటే అర్థమైంది ఆయనకి.

అందరికంటే ఎక్కువగా కౌల్‌కి ఉన్నది ప్రధానమంత్రి గదిలోకి నేరుగా వెళ్లగలగడం. వెళ్లారు కూడా. 11వ తేదీ రాత్రి ఢిల్లీలో నెహ్రూ, మీనన్, సైన్యాధిపతి థాపర్ అందరూ ఉన్నారు. ఆ గదిలో ఎవరేమన్నారన్న దాంట్లో తర్వాత వచ్చిన పుస్తకాలకి పొంతన లేదు. ఫలితం మాత్రం ఒకటే: దాడి వద్దు, కానీ బ్రిగేడ్ అక్కడే ఉండాలి. శత్రువు పైన కొండ మీద, మనవాళ్లు కింద వాగు ఒడ్డున. చలి బట్టలు లేవు, తూటాలు అరకొర. ‘వాళ్లని ఈ రాత్రే వెనక్కి పిలవాలి, లేకపోతే నా రాజీనామా తీసుకోండి’ అనే మాట కౌల్ నోట వచ్చినట్టు ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి ఆ తలుపులు తెరుచుకున్నది ఆయన ‘అయిపోతుంది సార్’ అంటారనే నమ్మకం మీద కదా. ఆ నోటితో ‘కాదు’ అనడం ఎలా?

అక్టోబరు 18న ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయన్ని ఢిల్లీకి తెచ్చారు. కమాండ్ వదలకుండా ఇంట్లో మంచం మీద నుంచే ఆదేశాలిచ్చారు. 20న తెల్లవారుజామున దాడి మొదలైంది. కొన్ని గంటల్లో ఏడో బ్రిగేడ్ లేదు. 2 రాజ్‌పుత్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. బ్రిగేడియర్ దల్వీ బందీ అయ్యారు.

మానెక్‌షాకి హెడ్‌క్వార్టర్స్ ఇచ్చింది మొదటిది, ఆ చూపు. దానికి ముందే 1942లో సిట్టాంగ్ దగ్గర ఒంట్లో దిగిన తూటాలున్నాయి కాబట్టి, మ్యాపు మీద గీసే గీత కింద మనుషులుంటారని ఎవరూ ఆయనకి చెప్పక్కర్లేదు. 1971 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ మంత్రివర్గం ముందు, ఇప్పుడు యుద్ధమైతే ఓడిపోతామని చెప్పానని ఆయనే పదేపదే చెప్పుకున్నారు. మనిషి కథలు బాగా చెబుతారు, కొందరు చరిత్రకారులు ఇందులో కొంత మసాలా ఉందంటారు. వర్షాలు, రైళ్లు, దళాల తరలింపు అని ఆయన ఏకరువు పెట్టిన కారణాలు చూడండి, అచ్చంగా స్టాఫ్ ఆఫీసర్ లెక్కలు. యుద్ధం డిసెంబరులో జరిగింది.

కౌల్ 1967లో తన వైపు కథ పుస్తకంగా రాశారు. 1972లో చనిపోయారు. మరుసటి జనవరిలో మానెక్‌షా ఫీల్డ్ మార్షల్ అయ్యారు. ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ ఇచ్చిన నివేదికలో కొంత భాగాన్ని 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విలేకరి బయటపెట్టాడు. ప్రభుత్వం మాత్రం దాన్ని ఇంకా రహస్యమనే అంటోంది.