బోల్టు పక్కన కాలువ

కారు ఇంజన్ చరిత్ర అనగానే మనం నిప్పు గురించే మాట్లాడుకుంటాం. పెట్రోలు, స్పార్కు, పేలుడు. నాకది సగం చరిత్రే అనిపిస్తుంది. మిగతా సగం నీళ్ళది.

1886లో పేటెంట్ పొందిన కార్ల్ బెంజ్ మూడుచక్రాల బండిలో నీళ్ళు మరిగి ఆవిరైపోయేవి, పోయినన్ని మళ్ళీ పోసుకోవాలి. 1900లో విల్‌హెల్మ్ మైబాఖ్ తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారుచేశాక అవే నీళ్ళు చల్లారి తిరిగిరావడం బాగా కుదిరింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి మొదటి రెండున్నర వేల బండ్లలో పంపు ఉండేది, తర్వాత తీసేశారు. వేడి నీళ్ళు తేలికై పైకి లేస్తాయి, చల్లారినవి బరువై దిగుతాయి, తిప్పేవాళ్ళు అక్కర్లేదని. ఇంజన్ల బలం పెరిగేకొద్దీ ఆ తాపీ ప్రవాహం చాల్లేదు, పంపు మళ్ళీ వచ్చింది.

ఆ తర్వాత బిగుతు మూత వచ్చింది. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత లోపల ఇంకొక వాతావరణమంత ఒత్తిడి నిలిపితే 120 దాకా మరగవు. లాభమే. కానీ ఒత్తిడిలో ఉన్న నీళ్ళు సందు దొరికితే ఊరుకోవు.

ఆ సందుల్లో ఒకటి హెడ్ బోల్టు. హెడ్డునీ బ్లాకునీ, మధ్యలో గ్యాస్కెట్‌నీ నొక్కిపట్టడం దాని పని. కొన్ని ఇంజన్లలో బోల్టు కన్నం అడుగు మూసి ఉంటుంది. కొన్నిట్లో నేరుగా నీళ్ళగదిలోకి తెరుచుకుంటుంది. 1955 నాటి షెవ్రొలే చిన్న వి8లో బోల్టులన్నీ అలా నీళ్ళలోకే దిగుతాయి. కాపలావాడే దొంగకి దారి! నీళ్ళు మరల వెంట పైకి పాకి ఆయిల్‌లో కలిస్తే, ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగుకి తిరుగుతుంది. అందుకే మరలకి సీలెంట్ రాస్తారు, పైపు మరలకి ప్లంబరు దారం చుట్టినట్టు. అది మరలకి జారుడునీ ఇస్తుంది. బోల్టు బిగించే బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది, తుప్పుపట్టిన మర అయితే పానా బిగిసినట్టు చెబుతుంది గానీ హెడ్డు నొక్కుకోదు. అడుగు మూసిన కన్నంలో నీళ్ళో ఆయిలో మిగిలితే ఇంకా ప్రమాదం. ద్రవం అణగదు కాబట్టి బోల్టు దిగేటప్పుడు బ్లాకే పగలొచ్చు.

ఇదంతా హనుమాన్ జంక్షన్‌కి ఎందుకంటే, బెజవాడ-ఏలూరు రోడ్డుని నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోటు అది. 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్లు ఈ రోడ్డు మీద మే ఎండల్లో బానెట్లెత్తి నిలబడటం మన పెద్దవాళ్ళందరికీ తెలిసిన దృశ్యమే. అప్పుడు వినిపించే సలహా ఒకటే: "థెర్మోస్టాట్ తీసెయ్ అన్నా, మన ఎండలకి అదెందుకు?"

ఇక్కడ కాలువల వాళ్ళం ఆగి ఆలోచించాలి. 1855కి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువలో నీళ్ళుంటే చాలదని, రెగ్యులేటర్ దగ్గర తలుపులు దించి మట్టం నిలిపితేనే పక్క కాలువలకి ఎక్కుతాయని మన రైతుకి చెప్పక్కర్లేదు. థెర్మోస్టాట్ కూడా తలుపే. చల్లటి ఇంజన్‌లో నీటిని లోపలే తిప్పి, వేడెక్కాక రేడియేటర్‌కి వదులుతుంది. చాలా ఇంజన్లలో అదే అడ్డదారినీ మూస్తుంది. తీసేస్తే కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగొస్తుంది, కారు ఇంకా వేడెక్కుతుంది.

అప్పుడు హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, తప్పు బోల్టు మీద పడుతుంది. బెజవాడ ఆటోనగర్‌లో మంచి మెకానిక్కులు నడిమధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి బయటివైపుకి, విడతలు విడతలుగా బిగిస్తారు. ఎందుకలా అని తెలుగులో రాసిపెట్టిన పుస్తకం కోసం వెతికితే నాకు దొరకలేదు. పంట కాలువల గురించి మనకి బోలెడంత మాట ఉంది, తలుపు, తూము, లాకు, శివారు భూమి. ఇనుములో పారే కాలువని వివరించడానికి అవే చాలు. ఆ మాటలు షెడ్డు దాకా వెళ్ళుంటే, ఎన్నో థెర్మోస్టాట్లు చెత్తకుప్పలో పడేవి కావు.