అద్దకంలో తుప్పు: ఒక చారిత్రక పరిశీలన

బొంతలు కుట్టేవారిలో ఈ మధ్య ఒక కొత్త ఆసక్తి కనిపిస్తున్నది. తుప్పుపట్టిన మేకులు, గొలుసులు, లాడాలు తెచ్చి తడిగుడ్డలో చుడతారు. పైన పులిసిన నీళ్లు చల్లుతారు. ఒకటి రెండు రోజులు పోయాక విప్పి చూస్తారు. గుడ్డమీద నారింజ, గోధుమ వన్నెల మరకలు పడి వుంటాయి. ఆ గుడ్డనే టీ డికాక్షనులోనో, దానిమ్మతొక్కల కషాయంలోనో ముంచితే మరకలు నల్లబడతాయి. ఈ ముక్కలను కత్తిరించి, ఒకదానికొకటి అతికి బొంతలు చేస్తున్నారు. అమెరికా, ఇంగ్లండు వంటి దేశాలలో దీనిని నూతన కళాప్రయోగమని, యంత్రయుగంనుంచి ప్రకృతిలోకి తిరిగిపోవటమని చెప్పుకునేవారున్నారు.

ప్రయోగం మంచిదే. కాని అది నూతనమూ కాదు, ప్రకృతినుంచి దానంతటది వూడిపడినదీ కాదు. తుప్పును రంగుగా మార్చిన విద్య వెనుక కొన్ని వందల యేళ్ల మానవశ్రమ వున్నది. ఆ శ్రమలో పెద్దపాలు మన కోస్తా అద్దకపు పనివారిది. ఈ సంగతి మరిచిపోయినప్పుడు శాస్త్రం కాస్తా వింతగా, పనివాడు కాస్తా ప్రకృతిలో ఒక భాగంగా మిగిలిపోతారు. చరిత్రను సరిగా చూడదలచినవారు మొదట ఈ పొరపాటునుంచి బయటపడాలి.

కాళహస్తి కలంకారీ పనివారి నల్లరంగునే తీసుకుందాం. కుండలో నీళ్లు పోసి, బెల్లం కలిపి, అందులో తుప్పుపట్టిన ఇనుపముక్కలు వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. ఈ ద్రవాన్ని కసిం అంటారు. కుండలో వున్నంతసేపు అది నలుపు కాదు. గుడ్డను ముందుగా కరక్కాయ కషాయంలో, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలో వగరు వున్నది. పాలలోని కొవ్వు గీత అటూ యిటూ పాకకుండా ఆపుతుంది. అటువంటి గుడ్డమీద కలం ఆనించగానే ఇనుమూ వగరూ కలిసి నలుపు పుడుతుంది. ఆ నలుపు ఉతికితే పోదు. తుప్పుమేకు చుట్టిన గుడ్డను టీలో ముంచినప్పుడు జరిగేదీ ఇదే. రసాయనశాస్త్రం పేరు వినని మనిషి, ఏ వగరు ఏ ఇనుముతో ఎంతసేపు కలవాలో చేతితో, కంటితో, నాలుకతో కనిపెట్టాడు. దానిని శాస్త్రమనక మరేమనాలి?

ఎరుపు కథ ఇంతకన్న గొప్పది. పూర్వం కోస్తా అద్దకంలో ఎరుపుకు మూలం చిరువేరు. ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. వేరును మరిగించినంతమాత్రాన గుడ్డకు రంగు పట్టదు. ముందుగా పటిక పెట్టిన చోటనే ఎరుపు నిలుస్తుంది. తక్కినచోట ఉతుకులో, ఎండలో తేలిపోతుంది. కనుక అద్దకపువాడు రంగును పూయటం లేదు. రంగు ఎక్కడ నిలవాలో పటికతో ముందే రాసిపెడుతున్నాడు. గుడ్డను మరుగులో దించేదాకా ఆ రాత కంటికి సరిగా కనిపించదు. ఈ ఒక్క సూత్రం చేతిలో వుండటంవల్లనే తెలుగుతీరపు అద్దకం ప్రపంచపు సంతలలో గెలిచింది.

1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నంలో దిగారు. డచ్చివారు అంతకు కొద్దికాలం ముందే వచ్చి వున్నారు. వారికంటె ముందునుంచీ పారశీక వర్తకులు ఇక్కడి అద్దకాలను కొనుక్కుపోతూనే వున్నారు. మచిలీపట్నంలో ఇంగ్లీషు కొఠీలో పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యంగురించి రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. కలంతో చిత్రించిన గుడ్డలూ, చిరువేరు ఎరుపూ అందులో ప్రస్తావనకు వచ్చాయి. ఈ గుడ్డలలో పేరుమోసినవి పలంగ్‌పోషులు, అంటే మంచంమీద పరిచే దుప్పట్లు. జీవవృక్షమూ, పూలూ, పక్షులూ గీసిన ఈ దుప్పట్లకు ఐరోపా ధనికుల ఇళ్లలో లోపల దూది పెట్టి, దారంతో కుట్టు వేసి వాడుకునేవారు. పాతబడ్డ తర్వాత కూడా పారవేయలేదు. పూలనూ పక్షులనూ కత్తిరించి మరో గుడ్డమీద అతికి కొత్త బొంతలు చేశారు. మన ఇళ్లలో బొంత అంటే చిరిగిన చీరలు పొరలుగా పేర్చి కుట్టినది. లేనివాడి చలికి అడ్డం. అదే కుట్టు, అదే అతుకు సముద్రం దాటితే కలవారి గదికి అలంకారం. వస్తువు విలువను కుట్టు నిర్ణయించలేదని, దాన్ని వాడే వర్గం నిర్ణయించిందని ఇక్కడ మనకు స్పష్టమవుతున్నది.

ఈ గుడ్డలు అక్కడి పరిశ్రమను గడగడలాడించాయి. 1686లో ఫ్రాన్సు ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1719లో లండనులోని నేతవారు అద్దకపు గుడ్డలు కట్టుకున్న స్త్రీలపైన వీధులలో దాడులు చేశారు. 1721లో ఇంగ్లండు పార్లమెంటు వాటి వాడకాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. లండను నేతవాడి ఆకలి అబద్ధం కాదు. కాని ఆ ఆకలికి కారణం గుడ్డ కట్టుకున్న స్త్రీ కాదు, మచిలీపట్నం అద్దకపువాడు అంతకన్నా కాదు. ఇద్దరు శ్రామికుల మధ్య నిలబడి లాభం తీసినది వర్తక కంపెనీ.

ఒకవైపు నిషేధం సాగుతుండగానే మరోవైపు రహస్యాన్ని సేకరించే పని జరిగింది. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి అధికారి పాండిచ్చేరిలో అద్దకపు పనిని దగ్గరుండి చూసి, ఒక్కొక్క దశలో గుడ్డముక్కను కత్తిరించి నమూనాగా దాచాడు. 1742లో కూర్దూ అనే జెస్యూటు ఫాదిరీ తన మతంలో చేరిన పనివారిని అడిగి తెలుసుకుని, అద్దకం విధానమంతా లేఖగా రాసి ఫ్రాన్సుకు పంపాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో వున్న పోలికను 1767లో ఎత్తిచూపినవాడూ ఈయనే. తెలుగు నిఘంటు నిర్మాణంతో కూడా ఆయనకు సంబంధం వున్నది. భాషాశాస్త్ర చరిత్రలో మనం ఆయనను గౌరవంగానే తలచుకుంటాం. కాని ఆ లేఖలోని విద్య ఎవరిదో వారి పేర్లు మనకు తెలిసేటట్టు నిలవలేదు. రాసినవాడు చరిత్రలో వున్నాడు, చెప్పినవాడు లేడు. మన సాంస్కృతిక చరిత్రలో చాలా భాగం ఈ లోటుమీదనే కట్టబడి వున్నది.

తర్వాతి శతాబ్దంలో దెబ్బ మరొకవైపునుంచి వచ్చింది. చిరువేరులో, మంజిష్ఠ జాతి వేళ్లలో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. దానిని 1868లో గ్రేబే, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు కృత్రిమంగా తయారుచేశారు. 1897లో జర్మన్ కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది. ఎరుపు చవకైంది, చిరువేరు తవ్వేవారికి పని తగ్గింది.

ఇక్కడ మనం ఉద్వేగానికి లోనుకాకుండా ఆలోచించాలి. సహజమైనది కనుక మంచిది, కృత్రిమం కనుక చెడ్డది అనే వాదం చరిత్రముందు నిలవదు. నీలి సహజమైన రంగే. ఆ సహజమైన రంగుకోసమే బెంగాలులో దొరలు రైతుచేత బలవంతాన సాగు చేయించారు; 1859లో రైతు తిరగబడవలసి వచ్చింది. చంపారన్‌లో 1917 దాకా ఆ బాధ తీరలేదు. మొక్క చేసిన నేరమేమీ లేదు. మొక్కమీద ఎవరి అధికారం సాగిందన్నదే ప్రశ్న. అట్లాగే కృత్రిమ రంగులవల్ల బీదవాడి ఒంటిమీదికి కూడా ఎరుపు గుడ్డ చవకగా వచ్చిందన్న మాటనూ దాచకూడదు. మనం కోరవలసినది వెనక్కి పోవటం కాదు. పోగొట్టుకున్న విద్యను దాని సొంతదారులతో సహా ముందుకు తెచ్చుకోవటం.

స్వాతంత్ర్యం తర్వాత ఆ ప్రయత్నం కొంత జరిగింది. కమలాదేవి చటోపాధ్యాయ కృషివల్ల 1957లో కాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రం వెలిసింది. అడుగంటిన విద్య మళ్లీ చిగిర్చింది. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దకం ఇప్పటికీ సాగుతున్నది. ఐతే అదే పేరుతో, అవే పూలతో, రసాయనపు రంగులతో తెరమీద అచ్చొత్తిన గుడ్డలు బజారు నిండా వున్నాయి. కొనేవారికి తేడా తెలియదు. తేడా తెలియనంత కాలం, వారాల తరబడి చేసిన పనికి తగిన కూలి రాదు.

తుప్పు ప్రయోగం చేసేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి వున్నది. ఇనుము రంగునిచ్చే చేతితోనే నూలును తింటుంది. మ్యూజియములలోని పాత అద్దకాలలో, పాత బొంతలలో ఎరుపు చెక్కుచెదరకుండా వుండగా నల్లగీతలూ గోధుమ పూలూ వున్నచోట గుడ్డ చిల్లులు పడి కనిపించటం కద్దు. అందుకే ద్రవం పాలూ, పారే నీటిలో ఉతుకూ పనివాడి విద్యలో అంత ముఖ్యమైనవి. ఈనాడు కొందరు తుప్పు గుడ్డను సోడానీళ్లలో కడుగుతున్నదీ ఈ భయంచేతనే. రంగు పట్టించటం ఒక్కరోజు ముచ్చట; ఎక్కడ ఆపాలో తెలియటం తరాల అనుభవం.

ఆ అనుభవం మాటలలో కూడా దాగివుంటుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాలను 1962లో, చేనేత పదాలను 1971లో ప్రచురించింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన ఆ పని, పనివాడి మాటకు పండితుడి మాటతో సమానమైన స్థానమిచ్చింది. అద్దకపు మాటలకూ అంత శ్రద్ధ చూపించటం తెలుగు చదువుకున్నవారి బాధ్యత. కసిం, కరక, చిరువేరు, అద్దకం అనే ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క ప్రయోగశాల వున్నది. పెడనలో, కాళహస్తిలో ఆ మాటలు పనిలో వాడే మనుషులు ఇంకా వున్నారు. వారి దగ్గర కూర్చుని అడగాలి, రాసుకోవాలి. ఈసారి చెప్పినవారి పేరు కూడా రాయాలి.