హార్మోనియమును మన గాత్రమును

హార్మోనియము మన స్వరములను చెఱచినదని నిందించువారును, అది లేక రంగస్థలమే లేదని వాదించువారును నేటికిని గలరు. తీర్పు చెప్పుటకు ముందు, మెట్ల వాద్యమును గాత్రమునకు జోడించు పద్ధతి దాని పుట్టినింట నెట్లుండెనో చూచుట మేలు.

ఇంగ్లండున హెన్రీ పర్సెల్ 1695లో మరణించెను. ఆయన పాటలు 1698లో ‘ఆర్ఫియస్ బ్రిటానికస్’ అను పేర నచ్చుపడినవి. అందు గాయకునకు వరుస యంతయు వ్రాసియుండును. హార్ప్సికార్డు వాయించువానికి మంద్రస్థాయి వరుస యొక్కటియు, దానికి గొన్ని యంకెలును మాత్రమే. ఆ యంకెలను జూచి, ఏ స్వరములను గలిపి పలికింపవలెనో యతడే యప్పటికప్పుడు నిర్ణయించుకొనును. వాద్యము క్రింద నిలిచి పాటను మోయును. నాటి శ్రుతి చేయు తీరును వేఱు. కొన్ని స్వరాంతరములను మిక్కిలి శుద్ధముగా నిలిపి, దోషమును అంతగా వాడని స్వరముల మీదికి నెట్టెడివారు. పండ్రెండు మెట్లను సరిసమానముగా బంచుట పిమ్మట ప్రబలిన యాచారము. మన కందిన హార్మోనియము ఈ రెండవ తెగలోనిది.

1842లో పారిసునందు అలెగ్జాండర్ డెబెన్ దీనికి పేటెంటు పొందెను. అది కాళ్లతో త్రొక్కి, రెండు చేతులతో వాయించునది. ఈ దేశమున తిత్తి వెనుకకు జేరి, నేలపై గూర్చుండి వాయించు పెట్టె యయ్యెను. ఒక చేయి తిత్తికే చాలిపోయినందున వాయించుట కొక్క చేయియే మిగిలెను. ఇంగ్లీషు పాటకు ప్రాణమైన క్రింది వరుస యిట్లు జాఱిపోయినది. మనవారి కది లోటుగా దోచలేదు. మన పద్యమునకు గావలసినది శ్రుతియు, నీడవలె వెంటనంటు స్వరమును.

1880లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాటకమాడించిరి. 1885లో కడప మండలమున సురభివారు బయలుదేఱిరి. రంగము పెరిగినకొలదిని హార్మోనిస్టు స్థానమును పెరిగెను. నటుడు పాదము విఱిచి యూపిరి తీసికొనునంతలో అతడా రాగమును పట్టి నిలుపును. దీనివలన గీడును గలిగెను. రాగము సాగినకొలది కథ నిలిచిపోయెను. ‘వన్స్‌మోర్’ అన్నంతనే చచ్చిపడిన పాత్రయు లేచి మరల పాడెనట! బళ్లారి రాఘవ (1880–1946) ఈ వ్యామోహమును నిరసించుట న్యాయమే. కాని ఆ తప్పు పెట్టెది కాదు.

రేడియోవారు వేఱు నేరము మోపిరి. గమకము పలుకని, శ్రుతిభేదములెఱుగని వాద్యమని 1940లో ఆలిండియా రేడియో దీనిని బహిష్కరించెను. రవీంద్రుడును ఆ నిర్ణయమును గోరినవాడే. 1971లో గాని నిషేధము సడలలేదు. విద్వాంసుల దృష్టిలో అభియోగము సత్యము. అయినను వీణ కొనలేని యింటను, గురువు దొరకని గ్రామమునను పాడనేర్చిన బాలికలకు శ్రుతిగా నిలిచిన దేది? తెలంగాణమున చిందు భాగవతుల ప్రదర్శనములలో తాళము, మద్దెలల సరసన ఆ పెట్టె యింకను మ్రోగుచునే యున్నది.