గట్టు కింద గ్యాసు

పల్లెటూళ్లో పుట్టి పెరిగిన వాళ్లకి గట్టు తగాదా అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అరడుగు గట్టు కోసం అన్నదమ్ములు పదేళ్లు అమలాపురం కోర్టు చుట్టూ తిరగడం మా కోనసీమలో వింతేమీ కాదు. అది గట్టు పైన తగాదా. గట్టు కింద తగాదా ఇంకొకటి ఉంది. పక్క చేనువాడు లోతుగా బోరు వేస్తే మన నుయ్యి ఎండిపోతుంది. నీళ్లు ఎవరివి? ఎంత పోయాయి? ఎవరు చెప్పాలి? లోపల ఏముందో కొలిచినవాడే చెప్పగలడు. కొలిచినవాడు నోరు విప్పుతాడా అన్నదే అసలు చిక్కు.

ఈ చిక్కు నాకు మొదటిసారి బుర్రకెక్కింది మన ఊళ్లో కాదు, ఖతార్‌లో.

2005లో నేను అక్కడ ఒక సర్వీసు కంపెనీలో పని చేసేవాణ్ణి. గ్యాసు బావుల్లోకి పరికరాలు దింపి, రాయి ఎంత గుల్లగా ఉంది, ఒత్తిడి ఎంత, లోపల ఉన్నది గ్యాసా నీళ్లా అని కొలవడం మా పని. సెలవు దొరికిన శుక్రవారం నలుగురం కలిసి దోహా నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరంగా ఉన్న మదీనత్ అల్ షమాల్ వెళ్లేవాళ్లం. పేరుకి అర్థం ఉత్తరపు పట్టణమని. చిన్న ఊరు. పక్కన రువైస్ చేపల రేవు. పడమటి ఒడ్డున అల్ జుబారా, 18వ శతాబ్దంలో ముత్యాల వర్తకంతో వెలిగి, తర్వాత ఇసుకలో కలిసిపోయిన పట్టణం. 2013లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. మేం వెళ్లే రోజుల్లో 1938 నాటి కోటా, గాలీ తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు.

మాతో వచ్చే డ్రైవరు తమ్ముడిది జగిత్యాల వైపు. ఒకసారి ఒడ్డున నిలబడి, "అన్నా, దునియల అందరికన్న పెద్ద గ్యాసు గీడనే ఉన్నదంటరు గదా, ఏం కనబడ్తలేదేంది?" అన్నాడు.

కనబడదు. అది ఒడ్డుకి ఎంతో దూరాన, సముద్రపు అడుగుకి సుమారు మూడు కిలోమీటర్ల లోతున ఉంటుంది. 1971లో షెల్ కంపెనీ కనుక్కుంది. అప్పట్లో గ్యాసుకి గిరాకీ లేదు, అందరికీ కావలసింది చమురు. కాబట్టి చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఖతార్ వాళ్లు దాన్ని నార్త్ ఫీల్డ్ అంటారు. మొత్తం వైశాల్యం దాదాపు 9,700 చదరపు కిలోమీటర్లు. అందులో 6,000 ఖతార్‌వి, మిగతాది ఇరాన్‌ది. ఇరాన్ తన భాగాన్ని సౌత్ పార్స్ అంటుంది. పేర్లు రెండు, రాయి ఒకటే, గ్యాసు ఒకటే. మధ్యలో ఉన్న గట్టు కాగితం మీది గీత.

ఆ గీత గ్యాసు కన్నా ముందే పుట్టింది. 1969లో రెండు దేశాలూ సముద్ర సరిహద్దు ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఒక షరతు ఉంది. గీతకు అటూ ఇటూ పరుచుకున్న నిక్షేపం ఏదైనా బయటపడితే, పరస్పర అంగీకారం లేకుండా గీతకి 125 మీటర్ల లోపు బావి పెట్టకూడదు. రెండు వైపులా పనిని ఎలా సమన్వయం చేయాలో, ఎలా ఏకం చేయాలో ఒక ఒడంబడికకు రావడానికి రెండు ప్రభుత్వాలూ ప్రయత్నించాలి. ప్రయత్నించాలి అనే రాశారు. మన పెద్దమనుషులు పంచాయతీ ముగించలేక "మీరిద్దరూ మాట్లాడుకోండయ్యా" అని లేచిపోయినట్టు. మొత్తం నిక్షేపాన్ని ఒక యూనిట్‌గా నడిపే ఒడంబడిక ఆ రెండు దేశాల మధ్య కుదరలేదు. అంత పెద్ద పొలంలో గ్యాసుకి 125 మీటర్లంటే గట్టు మీద గడ్డి పరక మాత్రమే.

అదే 1971లో ఉత్తర సముద్రంలో ఫ్రిగ్ అనే గ్యాసు క్షేత్రం బయటపడింది. అది నార్వే, బ్రిటన్ సరిహద్దు గీత మీద ఉంది. వాళ్లు 1965 సరిహద్దు ఒప్పందంలోనే ఇలాంటి సందర్భానికి దారి పెట్టుకున్నారు. 1976లో ఫ్రిగ్ కోసమే ప్రత్యేక ఒప్పందం రాసుకుని, మొత్తం నిల్వ ఎంత, ఎవరి వాటా ఎంత అన్నది కలిసి తేల్చుకున్నారు. నార్వేకి 60.82 శాతం, బ్రిటన్‌కి 39.18 శాతం. దశాంశం తర్వాత రెండు అంకెల దాకా ఒప్పుకోవాలంటే ఇద్దరూ తమ తమ కొలతలు బల్ల మీద పెట్టాలి కదా! 1977లో మొదలైన ఉత్పత్తి 2004 దాకా సాగింది.

ఖతార్ చేసింది మరొకటి. 2005లో, నేనక్కడ ఉండగానే, నార్త్ ఫీల్డ్‌లో కొత్త ప్రాజెక్టులు ఆపేస్తున్నామని ప్రకటించింది. తోడే వేగానికి లోపల ఏమవుతోందో ముందు అధ్యయనం చేయాలన్నారు. ఆ నిలుపుదల 2017 ఏప్రిల్ దాకా సాగింది. పన్నెండేళ్లు! మాకు మాత్రం కొత్త బావుల పని తగ్గింది. నేను పెట్టె సర్దుకుని హ్యూస్టన్ చేరాను.

ఇక మన ఇంటి సంగతి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిళ్లు మా ఊరి ఆకాశం ఎర్రగా ఉండేది. మా అమ్మ దీపం పెట్టక్కర్లేదురా అని ఏడవలేక నవ్వేది. కాలేజీ కుర్రాడిగా నాకొకటే సందేహం: లోపల అంత ఒత్తిడి ఉందని ముందే ఎవరికీ తెలియదా? ఆ సందేహమే నన్ను ఈ వృత్తిలోకి తోసిందని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత తవ్వకం కాకినాడ దగ్గర లోతు సముద్రంలోకి వెళ్లింది. రిలయన్స్ కేజీ-డీ6 బ్లాకులో 2002లో గ్యాసు కనుక్కుని, 2009లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పక్క బ్లాకులు ఓఎన్‌జీసీవి. మా గ్యాసు గట్టు దాటి అటు పోతోందేమోనని 2013లో ఓఎన్‌జీసీ అడిగింది, 2014లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. రెండు సంస్థల డేటానూ కలిపి చూస్తే తప్ప తేలదు కనుక ఇద్దరూ ఒప్పుకుని డల్లాస్‌కి చెందిన డీగాలియర్ అండ్ మెక్‌నాటన్ అనే సంస్థను నియమించారు. 2015 నవంబరులో నివేదిక వచ్చింది. ఓఎన్‌జీసీ వైపు నుంచి దాదాపు 11.1 బిలియన్ ఘనపు మీటర్ల గ్యాసు అటు వెళ్లిందని అందులో ఉంది. దాని ఆధారంగా 2016లో ప్రభుత్వం 155 కోట్ల డాలర్లు కట్టమంది. 2018లో మధ్యవర్తుల తీర్పు రిలయన్స్ పక్షానికి అనుకూలంగా వచ్చింది. 2023లో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దాన్ని సమర్థించింది. 2025 ఫిబ్రవరిలో డివిజన్ బెంచి కొట్టేసింది. తగాదా అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకి చేరింది. న్యాయం ఎవరిదన్నది కోర్టుల పని, నాది కాదు. నేను చెప్పేదల్లా ఒకటే. రెండు కొలతలూ పక్కపక్కన పెట్టాక గానీ మాట్లాడటానికి ఒక అంకె దొరకలేదు.

మన దేశపు కాంట్రాక్టుల్లో ఆ డేటా అంతా ప్రభుత్వానిదేనని స్పష్టంగా ఉంటుంది. కానీ దానిపై గోప్యత కూడా ఉంటుంది. ఈ తేడా నాకు మా అక్క కొడుకు వల్ల తెలిసొచ్చింది. 2014లో వాడు కాకినాడలో పెట్రోలియం ఇంజినీరింగ్ చివరి ఏడు. ఫోన్ చేసి, "మావయ్యా, ప్రాజెక్టుకి ఒక్క బావి డేటా పంపవూ? ఏ దేశందైనా ఫరవాలేదు" అన్నాడు. ఏళ్ల తరబడి బావులు కొలుస్తున్న మేనమామని నేను. ఒక్క కాగితం పంపలేకపోయాను. నేను కొలిచిన ప్రతి అంకె మీదా ఎక్కడో నా సంతకం ఉంది, ఎవరికీ చూపనని. వాడు చివరికి పాఠ్యపుస్తకంలోని బొమ్మతో ప్రాజెక్టు ముగించాడు. సముద్రం వాడి హాస్టలు నుంచి కూతవేటు దూరం!

నార్వేలో లైసెన్సు ప్రాంతాల బావి కొలతలు మామూలుగా 2 ఏళ్లకే బహిరంగమవుతాయి. 1995 నుంచీ కంపెనీలూ ప్రభుత్వమూ కలిసి డిస్కోస్ అనే ఉమ్మడి భాండాగారం నడుపుతున్నాయి. రాళ్ల గురించి ఒకరు వేసిన తప్పుడు అంచనాని తర్వాతివాడు దిద్దుకోవచ్చు. మన ప్రభుత్వం కూడా 2017 జూన్‌లో జాతీయ డేటా భాండాగారాన్ని తెరిచింది. ఆలస్యమే అయినా మంచి పని.

దేశాల మధ్య ఒప్పందాల్లోనూ ఈ మాట వినబడుతోంది. 2020లో సింగపూర్, చిలీ, న్యూజీలాండ్ సంతకం చేసిన డిజిటల్ ఆర్థిక ఒప్పందంలో కొత్త ఆవిష్కరణల కోసం డేటా పంచుకోవడం మీద ప్రత్యేకంగా ఒక అధికరణమే ఉంది. ఈ మహాసభలకు వచ్చే మన సాఫ్ట్‌వేర్ మిత్రులు సరదాకైనా దాన్ని ఒకసారి చదవాలి. క్రియాపదం దగ్గర మాత్రం నాకు నవ్వొచ్చింది. ఉమ్మడి ప్రాజెక్టుల కోసం సహకరించుకోవడానికి ఆ దేశాలు ప్రయత్నిస్తాయట. 1969 నాటి మాటే.

2018లో ఈక్వినార్, దాని భాగస్వాములు మూతపడిన వోల్వ్ అనే క్షేత్రం డేటా మొత్తం, దాదాపు 40,000 ఫైళ్లు, బయట పెట్టారు. ఎవరైనా దించుకుని చదువుకోవచ్చు, కొత్త పద్ధతులు ప్రయత్నించవచ్చు. అప్పటికి మా వాడు ఎంటెక్‌లో ఉన్నాడు. ఆ వార్త పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు అర్ధరాత్రి ఫోను. "మావయ్యా, ఇది నిజం బావి! కొలతల్లో తప్పులు కూడా ఉన్నాయి!" తప్పులు చూసి అంత సంబరపడ్డవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

వాడి థీసిస్ ప్రతి ఒకటి నా బల్ల మీద ఉంది. మొదటి పేజీలో నార్వే తీరం పటం. నేను ఫోన్‌లో మెచ్చుకుంటే, "బాగానే ఉంది గానీ, మన కాకినాడ పటం అయ్యుంటే అమ్మకి చూపించేవాణ్ణి" అన్నాడు.